హంతకుడు నలభయ్యో పేజీలోనే దొరికిపోయాడు

చివరిపేజీ
శనివారం, రాత్రి 9.40

నేరకథలు చదవడం మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు. రాయడం మొదలుపెట్టి పద్నాలుగు నెలలు. ఆ ముప్పై ఏళ్ళూ ఈ పద్నాలుగు నెలలకు పెట్టుబడి అనుకున్నాను. పోయిన వారం మా చెల్లెలు లెక్క తేల్చింది. పెట్టుబడి మొత్తం గల్లంతు.

నవల చిత్తుప్రతి మూడు వందల పది పేజీలు. ప్రింటు తీసి దానికిచ్చాను. మర్నాడు సాయంత్రం ఫోను చేసి, "అక్కా, నలభయ్యో పేజీలో ఉన్నాను. చంపింది మేనల్లుడే కదా?" అంది. మిగతా రెండు వందల డెబ్బై పేజీలూ ఆ సంగతి దాచడానికే రాశాను మరి.

ఎలా కనిపెట్టావని అడిగితే దాని జవాబు ఇది: "కళ్ళజోళ్ళ గురించి అంత శ్రద్ధగా చెప్పావెందుకు? నువ్వు మామూలుగా వస్తువుల జోలికి పోవు కదా. అక్కడికి రాగానే నీ గొంతు మారింది."

వారం నుంచి ఆ మాటే చెవిలో మోగుతోంది. అది తర్కంతో పట్టుకోలేదు, గొంతు మారడం విని పట్టుకుంది. అబద్ధం చెప్పే పిల్లలు అవసరం లేని వివరాలు చెప్పి దొరికిపోతారు చూడండి, అలా దొరికిపోయాను.

నా పేరు వెనుక కథ పాత సభ్యులకు తెలుసు. చిన్నప్పటి నుంచీ నేను చివరిపేజీ ముందు చదివే మనిషిని. ఆ అలవాటుకు ఇంట్లో తిట్లూ తిన్నాను, స్నేహితులనూ పోగొట్టుకున్నాను. హంతకుడెవరో తెలుసుకుని మొదటికొచ్చి, రచయిత నన్ను ఎక్కడెక్కడ మోసం చేయబోతున్నాడో చూస్తూ చదవడం నాకిష్టం. గారడీవాడి వెనక నిలబడి చూడటం లాంటిది. అలా చదివితే గారడీ పట్టుబడుతుందనుకున్నాను. వెనక నుంచి చూసినవాడికి చెయ్యి కనిపిస్తుందే కానీ, ముందు కూర్చున్నవాళ్ళు ఆ క్షణంలో ఎటు చూస్తున్నారో కనిపించదని ఇప్పుడు తెలిసింది.

ఎలాగూ పరువు పోయింది కాబట్టి కథ చెప్పేస్తున్నాను. ఒక పెద్దాయనను రాత్రి మంచం మీద ఊపిరాడకుండా చేసి చంపి, తీసుకొచ్చి పడక కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళజోడు పెట్టి, ఒళ్ళో పుస్తకం తెరిచి ఉంచారు. చదువుతూ చదువుతూ పోయాడని ఇంటిల్లిపాదీ నమ్ముతారు. ఆయనకు రెండు కళ్ళజోళ్ళు. శవానికి ఉన్నది దూరపు చూపుది. దాంతో ఆయన పుస్తకం చదవలేడు. ఆ తేడా తెలియనిది పది రోజుల క్రితం వచ్చిన మేనల్లుడికే.

నాలుగో అధ్యాయంలో నేను రాసిన వాక్యం ఇది:

*"పెద్దాయనకు రెండు కళ్ళజోళ్ళు ఉండేవి. నల్ల ఫ్రేముది చదవడానికి, గోధుమరంగు ఫ్రేముది దూరం చూడటానికి. ఆ రెంటినీ ఆయన ఎన్నడూ కలగాపులగం చేసుకునేవాడు కాదు."*

చెప్పండి. ఎక్కడ తప్పింది?

మూడోసాక్షి
శనివారం, రాత్రి 9.52

"ఎన్నడూ" దగ్గర.

పాతబీరువా
శనివారం, రాత్రి 10.30

మూడోసాక్షి గారు ఎప్పటిలాగే ఒక్క మాటలో తేల్చేశారు. నాకు నాలుగు మాటలు కావాలి, ఓపిక పట్టండి.

కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలతో చదవడం నేర్చుకున్న తరం మాది. యుగంధర్ కంటే అతని సహాయకుడు రాజు అంటే నాకు ఎక్కువ ఇష్టంగా ఉండేది. ఎందుకో చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. నేను అడగాలనుకున్న ప్రశ్నలన్నీ అతనే అడిగేవాడు. రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లండు మతగురువు 1929లో డిటెక్టివ్ కథలకు పది ఆజ్ఞలు రాశాడు. పరిశోధకుడి పక్కనుండే స్నేహితుడి తెలివి సగటు పాఠకుడి తెలివి కంటే కాస్త, చాలా కాస్త మాత్రమే, తక్కువగా ఉండాలన్నది అందులో ఒకటి. నవ్వులాటకు రాసిన మాటే అయినా అందులో కిటుకుంది. పక్కన ఒకడు మనకంటే వెనకబడి ఉంటే మనం నిశ్చింతగా ఉంటాం. రచయిత మన జేబు కొట్టేది అప్పుడే.

మీ వాక్యంలో అలాంటివాళ్ళెవరూ లేరు. కథకుడు సూటిగా వచ్చి నా చొక్కా పట్టుకుని "ఇది గుర్తుపెట్టుకో" అంటున్నాడు. సాక్ష్యాన్ని పాత్ర చేతికివ్వండి. ఆ పాత్ర దాన్ని వేరే పనికి వాడాలి. ఇల్లు సర్దేవాళ్ళు విసుక్కోవచ్చు, పెద్దాయనే వెతుక్కోవచ్చు. వస్తువు కథలో ఏదో ఒక పని చేస్తూ కనబడితే, దానికి ఇంకో పని కూడా ఉందేమోనని ఎవరూ అనుమానించరు.

ఊహాగానం
శనివారం, రాత్రి 10.41

నేనైతే మూడు వస్తువుల జాబితా మధ్యలో పెట్టేదాన్ని! మొదటిదీ చివరిదీ గుర్తుంటాయి, మధ్యది జారిపోతుంది. "బల్ల మీద మందుల డబ్బా, కళ్ళజోడు, సగం తాగిన గ్లాసు." అందరూ గ్లాసు మీద పడతారు. విషం అనుకుంటారు. నేనూ అనుకుంటాను, ఎప్పుడూ అలాగే అనుకుంటాను, ఎప్పుడూ తప్పే అవుతుంది.

అర్ధరాత్రి
ఆదివారం, తెల్లవారుజాము 1.15

కాస్త కటువుగా ఉంటుంది, క్షమించండి.

కళ్ళజోడును ఎక్కడ దాచాలన్న దాని మీద ఇంత చర్చ చూస్తుంటే, ఒక మనిషి చచ్చిపోయాడన్న సంగతి ఎవరికైనా గుర్తుందా అనిపిస్తోంది. దాగుడుమూతలతో నాకు పేచీ లేదు. కానీ హంతకుడి పేరు దాచడమే నేరకథకు ప్రాణమన్నది నేను ఒప్పుకోను. ఆస్టిన్ ఫ్రీమన్ 1912లోనే నేరం ఎలా జరిగిందో ముందు చూపించి, తర్వాత దాన్ని ఎలా పట్టుకున్నారో చెప్పే కథల సంపుటి వేశాడు. 1931లో ఫ్రాన్సిస్ ఐల్స్ అన్న మారుపేరుతో వచ్చిన ఒక నవల, వైద్యుడు తన భార్యను చంపాలనుకుంటున్నాడన్న మాటతోనే మొదలవుతుంది. దాచినదేమీ లేదు. అయినా పుస్తకం కింద పెట్టలేం.

మీ చెల్లెలికి నలభయ్యో పేజీలో తెలిసిపోయింది. సరే. తర్వాత చదవడం ఆపేసిందా, పూర్తి చేసిందా? నాకు కావలసింది ఆ జవాబు.

చివరిపేజీ
ఆదివారం, ఉదయం 8.05

అర్ధరాత్రి గారూ, నిన్న రాత్రంతా నేను వేసుకోకుండా తప్పించుకున్న ప్రశ్న మీరు వేశారు. ఇప్పుడే ఫోను చేసి అడిగాను.

వంద పేజీల దాకా చదివి ఆపేసిందట. "మేనల్లుడు వచ్చినప్పుడల్లా నువ్వు వాడిని మంచివాడిగా చూపించడానికి పడే అవస్థ చూడలేకపోయాను" అంది. మళ్ళీ అదే, నా గొంతు. వాడు పిల్లలకు కథలు చెబుతాడు, మొక్కలకు నీళ్ళు పోస్తాడు, ఒక చోట కుక్కపిల్లను కూడా కాపాడతాడు. ఇప్పుడు చదువుకుంటుంటే నాకే సిగ్గుగా ఉంది.

మనిషి చచ్చిపోయాడని గుర్తుందా అన్నారు. నిజం చెప్పనా? లేదు. పెద్దాయన నాకు ఒక కుర్చీ, రెండు కళ్ళజోళ్ళుగానే మిగిలాడు. ఆయనకు ఏ పుస్తకాలు ఇష్టమో కూడా నేను అనుకోలేదు. ఒళ్ళో పెట్టిన పుస్తకం పేరేమిటో చిత్తుప్రతిలో ఎక్కడా లేదు!

తెల్లకోటు
ఆదివారం, ఉదయం 11.20

వృత్తిరీత్యా ఈ విభాగంలో శవాలన్నీ నా పాలిట పడుతుంటాయి కాబట్టి ఒక ప్రశ్న. చంపిన ఎంతసేపటికి కుర్చీలోకి మార్చారు?

చివరిపేజీ
ఆదివారం, ఉదయం 11.26

అర్ధరాత్రి చంపుతాడు. ఇల్లు పూర్తిగా సద్దుమణిగాక, తెల్లవారుజామున అయిదింటికి మారుస్తాడు. ఎందుకండీ, భయపెడుతున్నారు.

తెల్లకోటు
ఆదివారం, మధ్యాహ్నం 12.10

భయపడవలసిందే.

గుండె ఆగాక రక్తం తన బరువుకు తాను కిందికి దిగుతుంది. వెల్లకిలా పడుకుని ఉంటే వీపు మీద, కూర్చుని ఉంటే కాళ్ళలో, ముంజేతుల్లో ముదురు ఊదారంగు మచ్చలు తేలతాయి. మొదటి కొద్ది గంటల్లో శవాన్ని కదిలిస్తే మచ్చలు కూడా చాలావరకు చోటు మార్చుకుంటాయి. ఆరు నుంచి పన్నెండు గంటలయ్యేసరికి స్థిరపడిపోతాయి. అయిదు గంటలు వీపు మీద ఉంచి తర్వాత కూర్చోబెడితే రెండు చోట్లా మచ్చలుండే అవకాశం ఎక్కువ. శవానికి స్నానం చేయించేవాళ్ళకే అది కనిపిస్తుంది. ఇక మీ పరిశోధకుడికి కళ్ళజోడుతో పనేముంది?

రెండోది, బిగుసుకుపోవడం. సుమారు రెండు మూడు గంటలకు దవడ, మెడ దగ్గర తెలుస్తుంది, తర్వాత చేతులు, కాళ్ళు. పన్నెండు గంటలకల్లా ఒళ్ళంతా కర్రలా అవుతుంది. వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా. అయిదు గంటల తర్వాత, మెడ, చేతులు బిగుస్తున్న మనిషిని ఒక్కడే ఎత్తి, పడక కుర్చీలో సహజంగా వాల్చి, చేతులు పుస్తకం మీదికి మడవడం... ప్రయత్నించమనండి మీ మేనల్లుడిని.

గంటలోపే మార్చాలి. అదీ చీకట్లో, ఇంట్లో ఇంకా ఎవరో ఒకరు మేలుకుని ఉండగా.

ఇవన్నీ చాదస్తమనుకునేవాళ్ళ కోసం ఒక ముచ్చట. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆస్పత్రి మందుల గదిలో పనిచేసింది. విషాల గురించి ఆమెకు తెలిసింది అక్కడే. 1961లో వచ్చిన ఆమె నవల ఒకదానిలో థాలియం విషప్రయోగం ఉంటుంది, జుట్టు ఊడిపోవడంతో సహా. 1977లో లండన్‌లో ఒక పాప జబ్బేమిటో వైద్యులకు అంతుపట్టలేదు. ఆ నవల చదువుతున్న నర్సు ఒకామె లక్షణాలు పోల్చుకుని థాలియం అయి ఉండొచ్చని చెప్పింది. పరీక్ష చేస్తే అదే నిజమని తేలింది. పాప బతికింది. కాబట్టి రచయితలూ, దయచేసి క్లోరోఫాం రుమాలు ముక్కుకు తగలగానే మనిషిని పడగొట్టకండి. అంత త్వరగా ఎవరూ పడిపోరు, నిమిషాలు పడుతుంది.

ఊహాగానం
ఆదివారం, మధ్యాహ్నం 12.32

ఆగండి ఆగండి. గంటలోపు, చీకట్లో, కంగారుగా మార్చాడంటే కళ్ళజోడు ఎవరైనా తప్పు తీయొచ్చు కదా? ఆ తేడా బాగా తెలిసినవాళ్ళు కూడా! అంటే ఆ ఆధారం మేనల్లుడిని మాత్రమే చూపించదు. ఇంట్లో అందరినీ చూపిస్తుంది!

చివరిపేజీ
ఆదివారం, మధ్యాహ్నం 12.35

ఈ మాట చదివి అన్నం దగ్గర నుంచి లేచాను.

పాతబీరువా
ఆదివారం, మధ్యాహ్నం 2.00

ఊహాగానం గారు మొదటిసారి సరిగ్గా ఊహించారు. తేదీ రాసి పెట్టుకోండి.

ఆధారం ఒకే వేలితో ఒకే మనిషిని చూపిస్తే అది దారి పక్క సూచిక బోర్డే. ఇద్దరిని చూపిస్తే కథ. మొదట పరాయివాడిని చూపించాలి, తర్వాత సొంతవాళ్ళ వైపు తిరగాలి. చంపడానికి గుండె రాయి చేసుకున్న చెయ్యి, కళ్ళజోడు పెట్టేటప్పుడు వణికిందన్నమాట.

ఆ 1926 నాటి క్రిస్టీ నవల మీద గొడవ ఎందుకు జరిగిందో చూడండి. అందులో చెప్పేవాడు...

నిర్వాహకులు
ఆదివారం, మధ్యాహ్నం 2.07

పాతబీరువా గారి సందేశంలో చివరి మూడు వాక్యాలు తొలగించాం. శతాబ్దం గడిచినా సరే, ఆ నవల ముగింపు ఇక్కడ చెప్పరాదు. చదవనివాళ్ళు ప్రతిరోజూ పుడుతూనే ఉంటారు.

పాతబీరువా
ఆదివారం, మధ్యాహ్నం 2.20

తప్పయింది. ముగింపు చెప్పకుండానే నా మాట పూర్తి చేస్తాను. అది మోసమని కొందరు పాఠకులు అప్పట్లో మండిపడ్డారు. నేనూ మొదటిసారి పుస్తకం విసిరికొట్టాను. వారం తర్వాత తీసి మళ్ళీ చదివితే ఒక్క అబద్ధం కనిపించలేదు. ఒక చోట రెండు వాక్యాల మధ్య కొంత సమయం గడిచింది. అది వాక్యంలోనే ఉంది. ఆ ఖాళీని నేను నా తొందరలో దాటేశాను. రచయిత్రి దాచలేదు, నేను చూడలేదు. ఈ రెంటికీ ఎంత తేడా ఉందో, చివరిపేజీ గారూ, మీ మూడు వాక్యాలకూ మంచి వాక్యానికీ అంత తేడా ఉంది.

అర్ధరాత్రి
ఆదివారం, రాత్రి 11.50

నిన్న కటువుగా మాట్లాడినందుకు కారణం చెబుతాను. ఎవరూ అడగలేదు, అయినా.

మూడేళ్ళ క్రితం మా నాన్న పోయారు. మామూలు మరణమే, నేరం ఏమీ లేదు. కానీ తర్వాత ఏడాదిపాటు ఒక్క హత్య నవల చదవలేకపోయాను. మొదటి అధ్యాయంలో శవం పడగానే అందరూ చకచకా పనిలో దిగిపోతారు కదా, కొలతలు, ప్రశ్నలు, కాఫీ. ఎవరూ ఆ గదిలో కూర్చోరు. ఇదివరకు నేనూ కూర్చోలేదు. అప్పుడు మాత్రం పేజీ తిప్పలేకపోయాను.

మళ్ళీ చదవడం మొదలుపెట్టింది పోలీసు నవలలతో. మాయ్ షోవాల్, పెర్ వాలో అనే స్వీడన్ జంట 1965 నుంచి 1975 దాకా పది నవలలు రాశారు. వాటిలో పరిశోధన నెలల తరబడి సాగుతుంది. పోలీసులకు జలుబు చేస్తుంది, విసుగొస్తుంది, కాగితాలు పోతాయి. మొదటి నవలలో నీళ్ళలో దొరికిన శవం ఎవరిదో తెలియడానికే చాలా కాలం పడుతుంది. చనిపోయిన ఆ అమ్మాయి ఎవరు, ఎలాంటి మనిషి అన్నదే మొదటి ప్రశ్న. హంతకుడి సంగతి ఆ తర్వాతే. అక్కడ నాకు కూర్చోవడానికి చోటు దొరికింది.

నాన్న కళ్ళజోడు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. మీ కథలో కళ్ళజోడు అనగానే అందుకే చిరాకు పడ్డాను. మీ తప్పేమీ లేదు.

చివరిపేజీ
సోమవారం, ఉదయం 6.45

అర్ధరాత్రి గారూ, మీ మాటలు రెండుసార్లు చదివాను. ఒకటి అడగనా, బాధ కలిగిస్తే వదిలేయండి. ఆ కళ్ళజోడును చూస్తే మీకు ముందు గుర్తొచ్చేది ఏమిటి?

అర్ధరాత్రి
సోమవారం, ఉదయం 9.10

కుడి కాడ. ఊడిపోతుంటే దారం చుట్టుకున్నారు. కొత్తది చేయిస్తానంటే వద్దన్నారు. రెండు జతలూ ఒకేలా ఉంటాయి, దారం ఉన్నది చదవడానికి, చీకట్లో కూడా వేలికి తెలుస్తుంది అనేవారు.

కావాలంటే వాడుకోండి. ఆయనకు డిటెక్టివ్ నవలలంటే ఇష్టమే.

భూతద్దం
సోమవారం, మధ్యాహ్నం 1.30

చాన్నాళ్ళుగా చదివి పోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. కళ్ళజోళ్ళు చేయడం నా పని, అందుకని ఈ చర్చలో మాట్లాడే హక్కు నాకొక్కడికే ఉందేమో!

చివరిపేజీ గారూ, మీ పెద్దాయన పవరెంత? ఇది ముఖ్యం. దూరపు చూపుకు మైనస్ మూడు అనుకోండి, అలాంటి మనిషి వయసు మళ్ళాక చదవడానికి కళ్ళజోడు తీసేసి పుస్తకం దగ్గరగా పట్టుకుంటాడు. వేరే జత అక్కర్లేదు. మీ కథ అక్కడే కూలిపోతుంది. మైనస్ ఒకటి పెట్టండి. డెబ్బై ఏళ్ళ మనిషికి చదవడానికి దాని మీద ఇంకో రెండున్నర కలపాలి, అంటే ప్లస్ ఒకటిన్నర. అప్పుడు రెండు జతలూ కావాలి.

దారం సంగతి చక్కగా ఉంది. నా దగ్గరికి అలా చుట్టుకుని వచ్చేవాళ్ళు ఎందరో. కానీ దారాన్ని ఎవరైనా విప్పేయొచ్చు, మళ్ళీ చుట్టేయొచ్చు. అద్దం అబద్ధమాడదు. మేము ఏ యంత్రమూ లేకుండా చేసే చిన్న పరీక్ష ఒకటుంది. అద్దాన్ని కంటికి కాస్త దూరంగా పట్టుకుని, దాని గుండా తలుపు అంచునో కిటికీ చట్రాన్నో చూస్తూ మెల్లగా అటూ ఇటూ కదపండి. మైనస్ అద్దమైతే ఆ అంచు అద్దంతో పాటే నడుస్తుంది. ప్లస్ అద్దమైతే ఎదురు దిక్కుకు పోతుంది. మీ పరిశోధకుడికి ఇంకేమీ అక్కర్లేదు, ఒక తలుపు చాలు.

ఊహాగానం
సోమవారం, మధ్యాహ్నం 1.48

ఇప్పుడే అమ్మ కళ్ళజోడు తీసుకుని చేశాను. తలుపు ఎదురు పోయింది! అమ్మ కూడా "నా కళ్ళజోడు ఏదీ" అంటూ ఎదురు వచ్చింది.

తెల్లకోటు
సోమవారం, రాత్రి 8.15

భూతద్దం గారూ, ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు? శవాల వ్యవహారం నాది, అద్దాలది మీది. ఇక ఈ వేదికలో ఎవడూ ప్రశాంతంగా హత్య చేయలేడు.

చివరిపేజీ
గురువారం, రాత్రి 10.20

మూడు రోజులు మాయమైనందుకు మన్నించండి. నాలుగో అధ్యాయం పూర్తిగా చెరిపేసి మళ్ళీ రాశాను. చెప్పుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

రాసేటప్పుడు నేను రెండు గొంతులతో రాస్తున్నానని ఇన్నాళ్ళూ గమనించలేదు. కథ చెప్పే గొంతు ఒకటి, ఆధారాలు పెట్టే గొంతు ఒకటి. మొదటిది తీరిగ్గా నడుస్తుంది. రెండోది కోర్టులో గుమాస్తాలా వస్తువుల పేర్లు చదువుతుంది. మా చెల్లెలు విన్నది ఆ గుమాస్తానే. ఈసారి ఒక నియమం పెట్టుకున్నాను. ఆధారం ఉన్న పేరా, ఆధారం తీసేసినా ఉండదగినదై ఉండాలి. అక్కడ ఇద్దరు మనుషుల మధ్య ఏదో ఒకటి జరగాలి. పాఠకుడు అది చూడటంలో పడిపోవాలి.

కుక్కపిల్లను తీసేశాను. ఎవరూ ఏడవకండి.

పెద్దాయనకు ఇష్టమైన పుస్తకాలు ఏవో ఇప్పుడు నాకు తెలుసు. ఒళ్ళో ఉన్నది రైళ్ళ వేళల పట్టిక. ప్రయాణాలు మానేసి పదేళ్ళయినా ఆయన అదే చదువుకుంటాడు. అవి మరీ చిన్న అక్షరాలు. దూరపు కళ్ళజోడుతో ఒక్క వరుస కూడా సాగదు.

కొత్త పేరా ఇది. ఇది హత్యకు వారం ముందు, ఇంకా ఎవరికీ ఏ అనుమానమూ లేనప్పుడు.

*"పెద్దాయన వరండాలో కూర్చుని గేటు వైపే చూస్తున్నాడు. నాన్న రావడానికి ఇంకా గంట పడుతుందని మనవరాలికి చెప్పి చెప్పి అలిసిపోయాడు. అది ఊరుకుంటేనా! ఒళ్ళోకి ఎక్కి, ఆయన ముక్కు మీది కళ్ళజోడు లాక్కుని, కాడకు చుట్టిన దారాన్ని కాసేపు గోటితో మీటి, అద్దాన్ని గాలిలో అటూ ఇటూ ఊపింది.*

*'తాతయ్యా, తలుపు పారిపోతోంది! నేనిటంటే అదటు పోతోంది!'*

*'మీ అమ్మ కూడా అంతే. చిన్నప్పటి నుంచీ నేనిటంటే తనటు' అన్నాడాయన, లోపలికి వినబడేలా.*

*లోపల గిన్నె గట్టిగా కింద పెట్టిన చప్పుడు వినిపించింది. మనవరాలు తలుపును మళ్ళీ మళ్ళీ పారిపోనిచ్చింది."*

నిన్న మా చెల్లెలికి ఈ అధ్యాయం వరకే ఇచ్చాను. చదివి, "కూతురికీ ఆయనకూ ఏమిటి గొడవ? ఆస్తా?" అంది. నేను నోరు మెదపలేదు.

ఇంకో సంగతి. చివరిపేజీ పద్నాలుగు నెలల క్రితం అన్నిటికంటే ముందు రాసుకున్నాను. అది ఇప్పుడు ఈ పేరాతో సరిపడటం లేదు. ఊహాగానం గారి మాటతో తలుపు తెరుచుకుంది, ఎవరో లోపలికి వచ్చారు. హంతకుడు మేనల్లుడేనా అని మీలో ఎవరైనా అడిగితే ఇక చెప్పను.

పాతబీరువా
గురువారం, రాత్రి 10.58

గిన్నె చప్పుడు దగ్గర నేనూ పడిపోయాను. తలుపు పారిపోవడం పిల్ల ఆటగానే చదివి ముందుకు వెళ్ళాను, ఇక్కడ జరిగిన చర్చంతా తెలిసి ఉండి కూడా! రెండోసారి చదివితే ఒళ్ళు జలదరించింది.

ఊహాగానం
గురువారం, రాత్రి 11.04

కూతురే. లేదు, అల్లుడు. గంట ఆలస్యం ఎందుకయింది? అల్లుడే!

అర్ధరాత్రి
గురువారం, రాత్రి 11.40

రైళ్ళ పట్టిక బాగుంది. గోటితో మీటడం కూడా. పూర్తయ్యాక నాకూ ఒక ప్రతి పంపండి.

భూతద్దం
శుక్రవారం, ఉదయం 7.30

ప్లస్ అద్దం, ఎదురు దిక్కు. లెక్క సరిపోయింది. అభ్యంతరం లేదు.

మూడోసాక్షి
శుక్రవారం, ఉదయం 7.42

నాకుంది. దారం ఉన్న జత చదవడానికి. గేటు వైపు చూస్తున్న మనిషి ముక్కు మీద అది ఎందుకుంది?

చివరిపేజీ
శుక్రవారం, ఉదయం 7.50

అయ్యో.

తెల్లకోటు
శుక్రవారం, ఉదయం 8.02

ఆయనే తారుమారు చేసుకునే మనిషైతే, రేపు కోర్టులో ముద్దాయి తరఫు వకీలుకు ఈ ఒక్క పేరా చాలు. "చూశారా, మృతుడికి ఇది అలవాటే" అంటాడు. హంతకుడు ఎవరైనా సరే, ఇంటికి వెళ్ళిపోతాడు.

చివరిపేజీ
శుక్రవారం, ఉదయం 8.30

ఇంతమంది చదివి, నేను ఇరవైసార్లు రాసి, గిన్నె చప్పుడులో అందరం కొట్టుకుపోయాం. మూడోసాక్షి గారూ, మీకు దండం.

ఇప్పుడే మార్చాను. పెద్దాయన గేటు వైపు చూడటం లేదు. ఒళ్ళో రైళ్ళ పట్టిక ఉంది. అల్లుడు ఎక్కిన రైలు ఏ స్టేషనులో ఉంటుందో వేలు పెట్టి వెతుకుతున్నాడు. గేటు వైపు చూసేది పిల్ల.